కస్టమరే విప్పారు

పోయినవారం చిన్నమేస్త్రిని మనం ఆమె పనిబల్ల దగ్గరే వదిలి వచ్చాం. చేతిలో పట్టకారు, ఎదురుగా అడుగు మూత తీసేసిన లాప్‌టాప్. లోపల చచ్చిపోయిన డ్రైవు మీద అంటించి ఉన్న పల్చటి రేకును ఆమె కొనగోటితో ఎత్తింది. దాని కింద గోరంత చీటీ. చీటీ మీద ఆకుపచ్చ సిరాతో 177 అని అంకెలు. రెండు ఏడులకూ నడుము దగ్గర అడ్డగీతలు. అలా రాసే చెయ్యి ఆ సర్వీసు సెంటరులో ఒక్కటే ఉండేది. ఆమెకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పిన చెయ్యి.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. ఆ లాప్‌టాప్ బొమ్మలావిడది. బడిపిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆవిడ వృత్తి. ఎనిమిది నెలలు వంచిన నడుం ఎత్తకుండా పక్షుల పుస్తకం ఒకటి గీసింది. ఇంకో వారంలో పూర్తవుతుందనగా డ్రైవు పోయింది. బొమ్మలన్నీ దాంతోపాటే పోయాయి. వారంటీ ఉంది కదా అని సెంటరుకు తెస్తే, ‘కస్టమరే విప్పారు. కంపెనీది కాని డ్రైవు బిగించారు. వారంటీ వర్తించదు’ అని కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇది జరిగి పదహారు నెలలు.

ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్. ఇంట్లో ఏ వస్తువునూ విప్పకుండా వదలని మనిషి. గోడ గడియారం ఆలస్యంగా నడుస్తోందంటే గడియారాన్నే కాదు, దాన్ని తగిలించిన మేకును కూడా పీకి చూసే రకం. అలాంటివాడు ‘నేను విప్పలేదు’ అంటే ఎవరు నమ్ముతారు? కాగితాన్నే నమ్మింది ఆవిడ. రెండు నెలలు ఆ ఇంట్లో అన్నం మెతుకు సవ్యంగా దిగలేదు. చివరికి అతను పనిముట్ల పెట్టె పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. పద్నాలుగు నెలల తర్వాత, మొన్న, ఆవిడ కొత్త డ్రైవు కొనుక్కుని, పాత లాప్‌టాప్ దుమ్ము దులుపుకుని సెంటరుకొచ్చి అడిగిన ప్రశ్న ఇది: ‘దీన్ని నేనే బిగించుకుంటే, మిగిలిన అయిదు నెలల వారంటీ ఉంటుందా, పోతుందా?’

చిన్నమేస్త్రి ఉన్నమాట చెప్పింది. మూత విప్పినంత మాత్రాన వారంటీ పోదు, విప్పేటప్పుడు ఏదైనా విరిగితే ఆ విరిగినదాని బాధ్యత మాత్రం కంపెనీది కాదు. కాకపోతే మీ లాప్‌టాప్ పేరు మా లెక్కలో ఎప్పుడో కొట్టేసి ఉంది, లోపల ఏముందో ఒకసారి చూసి చెబుతాను, శనివారం రండి అంది. చూసింది. ఆ చీటీ కనబడింది.

శనివారం పొద్దున సెంటరు తలుపులు తెరవకముందే చిన్నమేస్త్రి వచ్చి, వెనక గదిలో వాడిన భాగాల రిజిస్టరు దించింది. పాత యంత్రాల్లోంచి తీసిన ప్రతి ముక్కకూ ఒక నంబరు వేసి సొరుగులో పడేయడం పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి. ఆయన పద్ధతులన్నీ ఆమెకు కొట్టినపిండి. పెద్దమేస్త్రి శిష్యురాలు కాబట్టే సెంటరులో అందరూ ఆమెను చిన్నమేస్త్రి అన్నారు. ఆయన రిటైరై పదకొండు నెలలైనా ఆ పేరు పోలేదు.

177 దగ్గర ఆకుపచ్చ సిరాలో రాసి ఉంది: ‘పరీక్షలో పనికిరాలేదు. పారేశాం.’ పక్కన తేదీ. ఆ తేదీన ఏ యంత్రాలు బాగుచేశారో కంప్యూటరులో వెతికింది. బొమ్మలావిడ లాప్‌టాప్ కనబడింది. కీబోర్డు మార్పిడి. చేసినవారు: పెద్దమేస్త్రి.

అంటే పారేశామని రాసిన డ్రైవు అదే రోజున ఆ లాప్‌టాప్‌లోకి వెళ్లింది. అక్కడ నాలుగు నెలలు బతికి, చచ్చిపోయింది.

ఆమె రిజిస్టరు మూసేసింది. అయినా ఆగలేదు. వారంటీ కొట్టేసిన రిపోర్టు కూడా తెరిచింది. ‘కస్టమరే విప్పారు’ అన్న వాక్యం. దాని కింద, నమోదు చేసినవారు అన్నచోట, ఒక ఉద్యోగి నంబరు. ఆ నంబరు తన మెడలో వేలాడుతున్న కార్డు మీదుంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఉద్యోగంలో చేరిన ఆరో నెల. టైపు చేయడానికి ఆమె కూర్చుంటే పెద్దమేస్త్రి కుర్చీ వెనక నిలబడేవాడు. తెర మీది అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, నువ్వే కొట్టు తల్లీ అనేవాడు. ఆ రోజూ అలాగే చెప్పాడు. “మీరు చూశారా బాబాయ్?” అని ఆమె అడిగింది. “చూశాన్లే, రాయి” అన్నాడు. రాసింది. ఆయన చూస్తే తను చూసినట్టే అనుకునే రోజులవి.

మేనేజరు వచ్చీ రాగానే ఆయన గదిలోకి వెళ్లి నిలబడింది. అంతా విని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇప్పుడెందుకమ్మా ఈ తవ్వకం? ఆ మనిషి ఇక్కడ లేడు. కస్టమరు అడగటం లేదు.”

“కస్టమరు పదింటికి వస్తున్నారు సార్. నేను సవరణ రాస్తాను.”

“రాయి. వద్దనను. కింద సంతకం మాత్రం నీదే. పైవాళ్లు అడిగితే నువ్వే చెప్పుకోవాలి.”

“అప్పుడు పెట్టిందీ నేనే కదా సార్” అని బయటికి వచ్చేసింది.

పదింటికి బొమ్మలావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, సన్నగా, జుట్టు బిగించి ముడివేసుకుని. చేతిసంచీలోంచి చిన్న స్క్రూడ్రైవర్ల డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది.

“మీరు పక్కన నిలబడి చూడండి చాలు. నేనే బిగిస్తాను. ఆయన వెళ్లాక వంటింటి కుళాయి నేనే మార్చాను. ఫ్యాను నేనే దించి, నూనె వేసి, ఎక్కించాను. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత అలవాటైంది. ఇంట్లో పాడైనవాటిల్లో ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా అయిపోతే ఇక ఆయన అవసరం లేదనుకోవచ్చు.”

చిన్నమేస్త్రి ఆవిడను కౌంటరు లోపలికి పిలిచి తన స్టూలు మీద కూర్చోబెట్టింది. లాప్‌టాప్ ముందు పెట్టి, రేకు ఎత్తి, చీటీ చూపించింది. రిజిస్టరు చూపించింది. తేదీలు చూపించింది. ఎక్కడా ఆగకుండా, మందు మింగినట్టు, ఒక్క గుక్కలో చెప్పేసింది.

“ఈ డ్రైవు మా సొరుగులోది మేడమ్. మీ ఇంట్లో పెట్టింది కాదు. మీ ఆయన విప్పలేదు. విప్పారని రాసింది నేను. చూడకుండా రాశాను.”

బొమ్మలావిడ చీటీ వంక చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకి చిన్నమేస్త్రికి భయమేసింది.

“మీరు మంచివారమ్మా. కాని ఎక్కడో పొరపాటు పడ్డారు. ఆయన ఒప్పుకున్నాడు.”

“ఏమని?”

“నేనే విప్పానని. రెండు నెలలపాటు విప్పలేదు, విప్పలేదు అన్నాడు. నేను అప్పటికీ అన్నాను, విప్పితే విప్పావు, బొమ్మలు పోతే పోయాయి, విప్పానని ఒక్కమాట అను, దీన్ని ఇంతటితో వదిలేద్దాం అని. అనలేదు. ఒకరోజు సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా, నేనే విప్పాను అన్నాడు. డ్రైవు కూడా నేనే మార్చాను అన్నాడు.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “అప్పుడు నాకు బొమ్మలు పోయినందుకు కాదు కోపమొచ్చింది. రెండు నెలలు నా కళ్లలోకి చూస్తూ అబద్ధమాడాడే, అందుకు. నీతో ఎలా బతకనూ అన్నాను. ఆయన ఆ చెప్పులతోనే లోపలికి వెళ్లాడు. పెట్టె తీసుకున్నాడు.”

చిన్నమేస్త్రి రిజిస్టరు వంక చూసింది. అంకెలు మారలేదు, తేదీలు మారలేదు. చెయ్యని పనిని చేశానని ఆ మనిషి ఎందుకన్నాడో ఆమెకు అందలేదు.

“దీన్ని మార్చింది మా పెద్దమేస్త్రిగారు. ఇక్కడికి రెండు వీధులవతల ఉంటారు. ఆయన్నే అడుగుదాం రండి.”

“అడిగితే చెబుతారా?”

“నాకు అబద్ధం చెప్పరు” అంది. అనేశాక, ఆ మాట అనే హక్కు తనకింకా ఉందో లేదో తెలియక తల దించుకుంది.

లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఇద్దరూ నడిచారు. మందుల షాపు పక్క సందులో మూడంతస్తుల ఇల్లు, పై అంతస్తులో ఒంటిగది. భార్య పోయాక పెద్దమేస్త్రి అక్కడికి మారాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. చిన్నమేస్త్రి తట్టింది.

“బాబాయ్, నేనే.”

“రా తల్లీ. ఇంకెవరో ఉన్నారే?”

ఆయన కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఎక్కడికో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నట్టున్నాడు. కళ్లు తలుపు వైపే ఉన్నాయి కాని చూపు వాళ్లకు ఒక జానెడు పక్కగా పోతోంది. మూడు నెలల కిందట ఆమె వచ్చినప్పుడు ఇంత లేదు. అప్పుడు ముఖం గుర్తుపట్టాడు.

“కళ్లు మరీ తగ్గాయా బాబాయ్?”

“కుడికన్ను పోయింది. ఎడమదానిలో మధ్యన ఒక రూపాయి బిళ్లంత మిగిలింది. అందులోంచి లోకాన్ని ముక్కలు ముక్కలుగా చూసుకుంటున్నాను. కూర్చోండి. ఆవిడ ఎవరు?”

చిన్నమేస్త్రి మంచం పక్క కుర్చీ బొమ్మలావిడకు లాగి, తను నేల మీద కూర్చుంది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు నోటిదాకా వచ్చి నిలిచిపోయాయి. చివరికి లాప్‌టాప్ తీసి, ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడువేలును ఆ డ్రైవు మీద పెట్టింది.

“నూట డెబ్బయ్యేడు బాబాయ్” అంది.

ఆయన వేలు ఆ చీటీ మీద కదల్లేదు.

“నీకెలా దొరికింది?”

“వారంటీ ఉంటుందా అని అడగడానికి ఆవిడే తెచ్చారు. ఈవిడే.”

పెద్దమేస్త్రి నెమ్మదిగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంచం దిగబోయాడు. లేచి నిలబడి చెప్పాల్సిన మాట అనుకున్నాడేమో. చేతికి ఊతం దొరక్క మళ్లీ కూర్చున్నాడు.

“మీరేనా అమ్మా” అన్నాడు. “మీ ముఖం నేనెప్పుడూ చూడలేదు. చూసుంటే చెయ్యగలిగేవాణ్ణి కాదేమో.”

అప్పుడు చెప్పాడు. కీబోర్డు మారుస్తున్న రోజు. మధ్యాహ్నం వెలుతురులో కూడా స్క్రూ తల కనబడ్డం లేదు. ఆరు నెలలుగా కళ్ల సంగతి ఎవరికీ చెప్పకుండా లాక్కొస్తున్నాడు. తడుముకుంటూ బిగిస్తుంటే స్క్రూడ్రైవరు జారి డ్రైవు అంచున దిగింది. సన్నటి పగులు. డ్రైవు ఇంకా పనిచేస్తోంది, కాని ఎంతసేపో తెలియదు. సొరుగులోంచి ఒక పాత డ్రైవు తీసి, ఉన్నదంతా అందులోకి ఎక్కించి, అదే బిగించి, రిజిస్టరులో పారేశామని రాసి పంపేశాడు. కొత్త డ్రైవు అడగాలంటే పగులు ఎలా వచ్చిందో రాయాలి. రాస్తే కళ్ల సంగతి బయటపడుతుంది.

“నాలుగు నెలల్లో అది పోతుందని అనుకోలేదు. పోయి, మళ్లీ నా బల్ల మీదకే వచ్చింది. మీరు విప్పారని రాయకపోతే డ్రైవు నేనే మార్చానని రాయాలి. ఈ పిల్ల చేత రాయించాను. నా చేత్తో రాయలేక.”

చిన్నమేస్త్రి మంచం దగ్గరికి జరిగింది. “నన్ను అడిగుంటే నా మీద వేసుకునేదాన్ని కదా బాబాయ్. కొత్తదాన్ని, చెయ్యి జారిందంటే తిట్టి వదిలేసేవారు.”

“నీకు చెప్పడమే అన్నిటికన్నా కష్టం తల్లీ.”

బొమ్మలావిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లలా నిటారుగా కూర్చుని ఉంది. ఇప్పుడు నోరు విప్పింది.

“మరి ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు?”

“ఎవరమ్మా?”

“మా ఆయన. చెయ్యనిదాన్ని చేశానని ఎందుకన్నాడు?”

పెద్దమేస్త్రి ముఖంలో ఏదో తడబాటు కనబడింది. “అదేమిటి? ఇంకా మీకు చెప్పలేదా? నేను ఈపాటికి ఎప్పుడో చెప్పుంటాడనుకున్నానే.”

“ఏం చెప్పాలి?”

“మీవారికి తెలుసు కదమ్మా. మీరు కాగితం పట్టుకెళ్లిన రెండు నెలలకు నా దగ్గరికి వచ్చాడు. అప్పటిదాకా ఆ లాప్‌టాప్ ముట్టుకోలేదట. మీకు చెప్పకుండా ఒక రాత్రి విప్పి, మా సెంటరు చీటీ మీది నంబరు చూసుకున్నాడట. కీబోర్డు బిల్లు మీద నా పేరు చూసి, మర్నాడు మధ్యాహ్నం వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. అరవలేదు. నా చేతుల వంకే చూస్తూ, చెయ్యి జారిందా మేస్త్రీ అన్నాడు. కన్ను జారింది బాబూ అన్నాను. బయటికి తీసుకెళ్లి టీ తాగించి, ఉన్నదంతా చెప్పేశాను. రిటైరవడానికి ఇంకా మూడు నెలలుంది, ఈలోగా తెలిస్తే అవమానంగా పంపేస్తారు, ముప్ఫై ఏళ్ల పేరు పోతుంది అన్నాను. చేతులు పట్టుకున్నాను కూడా.”

“ఆయనేమన్నాడు?”

“టీ గ్లాసు పక్కన పెట్టి, నేను పని నేర్చుకునే రోజుల్లో నా చెయ్యి ఒకసారి జారింది, మా మేస్త్రి తన మీద వేసుకున్నాడు అన్నాడు. మరి మీ ఆవిడకో అన్నాను. ఆవిడకు తెలిస్తే ఊరుకోదు, ఊరుకోమనే హక్కు నాకు లేదు, ఎనిమిది నెలల కష్టం ఆవిడది. కాబట్టి నేనే విప్పానంటాను, నాలుగు రోజులు తిట్టి తనే సర్దుకుంటుంది అన్నాడు. నవ్వాడు కూడా. ఇంట్లో ఎలాగూ విప్పని వస్తువు లేదు, ఇంకొకటి ఎక్కువైతే ఏం పోయింది అన్నాడు.”

బొమ్మలావిడ కుర్చీ చేతిని పట్టుకుంది.

“నాలుగు రోజులు” అంది.

పెద్దమేస్త్రికి ఆవిడ ముఖం కనబడటం లేదు. ఆ గొంతులో తేడా కూడా పట్టుకోలేదు. మనసులోది దింపుకున్న ముసలివాడి తేలికదనంతో మాట్లాడుకుపోయాడు.

“దేవుడులాంటి మనిషమ్మా మీవారు. నా తప్పు మోయడమే కాదు, అప్పటినుంచీ శనివారం విడిచి శనివారం వచ్చి కళ్ల ఆస్పత్రికి తీసుకెళతాడు. ఒక్కసారి కూడా మానలేదు. బస్సులో పక్కనే కూర్చుని మీ గురించే చెబుతాడు. ఇల్లెలా ఉంది బాబూ అంటే బావుంది మేస్త్రీ, మా ఆవిడ మళ్లీ బొమ్మల్లో పడింది అంటాడు. పోయిన పుస్తకం మళ్లీ మొదటినుంచీ గీస్తున్నారట కదా?”

చిన్నమేస్త్రి తల ఎత్తింది. బొమ్మలావిడ వంక చూసింది. ఆవిడ చూపు ముసలాయన నోటి మీదే ఉంది.

“ఏం బొమ్మలని చెప్పాడు?” అంది ఆవిడ.

“ఒకటా రెండా? వచ్చినప్పుడల్లా ఒకటి చెబుతాడు. నాకు కనబడదని తెలుసు కదా, కళ్లకు కట్టినట్టు చెబుతాడు. ఒంటికాలి మీద నిద్రపోయే కొంగ, దాని రెండో కాలు పొట్టలో దాచుకుంటే గోళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయట. చెట్టు తొర్రలో గుడ్లగూబ, ఒక కన్ను మూసి ఒకటి తెరిచి. వానలో తడిసిన కాకి, దాని ముక్కు చివర బొట్టు పడబోతూ ఆగిందట. ఆ బొట్టు గీయడానికే మీకు ఒక పూట పట్టిందట. పిచ్చుక పిల్లలు అయిదు, నాలుగు నోళ్లు తెరిచి ఉంటాయి, అయిదోది అలిగి పక్కకు తిరిగి కూర్చుంది. అది తలచుకుని నేను నాలుగు రోజులు నవ్వుకున్నాను. అలా ఒక ముప్ఫై దాకా విన్నాను. పోయిన సారి చెప్పింది పొదిగే బాతు. దాని కింద గుడ్లు ఎన్నో చెప్పలేదు, ఈసారి చెబుతానన్నాడు.”

“ఏడు” అంది బొమ్మలావిడ.

చిన్నమేస్త్రి లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

“ఏడా? చూశావా తల్లీ, నేను తొమ్మిదనుకున్నాను” అన్నాడు పెద్దమేస్త్రి.

“బాబాయ్” అంది చిన్నమేస్త్రి. “ఆయన మేడమ్ గారి ఇంట్లో లేరు. పద్నాలుగు నెలలైంది. విప్పానని చెప్పిన ఆ సాయంత్రమే వెళ్లిపోయారు.”

“ఎక్కడికి?”

“ఎక్కడికో నాకు తెలియదు” అంది బొమ్మలావిడ. “నేనే పొమ్మన్నాను. నేను పెన్ను పట్టుకుని కూడా పద్నాలుగు నెలలైంది. ఒక్క బొమ్మ గీయలేదు. మీకాయన చెప్పినవి నేను ఇప్పుడు గీస్తున్నవి కాదు. అవన్నీ పోయినవే. నాకే సగం గుర్తులేవు. కాకి ముక్కు మీది బొట్టు గుర్తులేదు నాకు. నేను గీస్తుంటే ఆయన వెనక కుర్చీలో ఏవో మరలు తుడుచుకుంటూ కూర్చునేవాడు. చూస్తున్నాడని కూడా అనుకోలేదు.”

పెద్దమేస్త్రి చేతులు మంచం అంచును వెతుక్కున్నాయి. బస్సులో పక్కనే కూర్చుని ఆ మనిషి చెప్పిన ఒక్కొక్క మాటా ఇప్పుడు తిరగబడి ఆయన మీద పడుతున్నట్టు, తల కొంచెం కొంచెంగా కిందికి వంగిపోయింది.

“ఇల్లు బావుందన్నాడే” అన్నాడు చివరికి. “ప్రతిసారీ బావుందన్నాడు. నేను అడిగాను, నా వల్ల మీకేమీ కాలేదు కదా బాబూ అని ఎన్నిసార్లో అడిగాను. ఏమీ కాలేదు మేస్త్రీ, మీరు కళ్ల సంగతి చూసుకోండి అన్నాడు.”

బొమ్మలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి రాకూడదని కాదు, వస్తే ఆగదని. తర్వాత కొంగు దించి అంది.

“మా ఇద్దరిలో అబద్ధమాడిన మనిషి ఆయనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. విప్పలేదన్నప్పుడు నిజం చెప్పాడు. అప్పుడు నమ్మలేదు. విప్పానన్నప్పుడు అబద్ధం చెప్పాడు. అది మాత్రం వెంటనే నమ్మాను.” ముసలాయన వైపు తిరిగింది. “మీ మీద నాకు కోపం రావాలి. వస్తుందేమో, రేపో ఎల్లుండో. ఇవాళ రావటం లేదు. ఇవాళ నాకు ఒక్కటే చెప్పండి. ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడు?”

పెద్దమేస్త్రి తల ఎత్తాడు. దువ్వుకున్న తల, ఉతికిన చొక్కా. చిన్నమేస్త్రి ఆ చొక్కా వంక చూసింది. ఆయన ఎందుకు సిద్ధమై కూర్చున్నాడో వచ్చినప్పుడే అడగలేకపోయింది.

“ఇవాళ శనివారం కదమ్మా” అన్నాడు. “పదకొండున్నరకు వస్తాడు.”

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై అయిదు చూపిస్తోంది. బొమ్మలావిడ లేవబోయి, మళ్లీ కూర్చుంది. ముఖం తుడుచుకుంది. ముడి విప్పి, మళ్లీ బిగించుకుంది. “నేనేం చెప్పాలి?” అంది చిన్నమేస్త్రితో, చిన్నపిల్ల పెద్దవాళ్లను అడిగినట్టు. “మొదటి మాట ఏమనాలి?”

“మొదటి మాట నేనంటాను అక్కా” అంది చిన్నమేస్త్రి. “రాసింది నేను కాబట్టి.”

కింద వీధి తలుపు కిర్రుమంది. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఒక అడుగు తేలిగ్గా, ఒక అడుగు బరువుగా.

“అతనే” అన్నాడు పెద్దమేస్త్రి మెల్లిగా.

బొమ్మలావిడకు చెప్పనక్కర్లేదు. పదకొండేళ్లపాటు ప్రతి సాయంత్రం ఆ అడుగులు విన్నది. మొదటి అంతస్తు దాటాయి. రెండో అంతస్తు దాటాయి. పైమెట్టు దాకా వచ్చి, తలుపు అవతల ఆగాయి.

తట్టిన చప్పుడు రాలేదు.

గడప బయట రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి చిన్నమేస్త్రిది. రెండో జత బొమ్మలావిడది, అందులో కుడి చెప్పు పట్టీ తెగితే, దాన్ని రాగి తీగతో కుట్టి, ముడి కాలికి గుచ్చుకోకుండా లోపలికి మడిచింది అతనే. ఆవిడ వాటిని మార్చలేదు.

“రా బాబూ, గడియ వెయ్యలేదు” అన్నాడు పెద్దమేస్త్రి.

ఒక నిమిషం గడిచింది. ఆ తర్వాత మెట్ల మీద ఆ అడుగులు, ఒకటి తేలిగ్గా, ఒకటి బరువుగా, కిందికి దిగడం మొదలుపెట్టాయి.